మూడో గొంతు రాకముందే

1981లో, శ్రావణమాసం మూడో శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, నేను మా తమ్ముడి కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని పైకి ఎత్తాను. పోర్టు లేబరు ఆఫీసులో, ఆఫీసరు బల్ల ముందు. గోడకి గడియారం ఉంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు గాని గడియారం చూడ్డం వచ్చు. షిఫ్టుల్లో బతికినవాళ్లకి అది రాక తప్పదు.

తమ్ముడు నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఓడలో అడుగున పనిచేసేవాడు. అక్కడ బస్తాలు పేర్చి, వాటిని క్రేను పైకి లేపే స్లింగు తాడు బిగించాక కిందనున్న మనిషి చెయ్యి ఎత్తాలి. పైన అంచున నిలబడ్డ మనిషి ఆ చెయ్యి చూసి క్రేను వాడికి సైగ చేస్తాడు. కింద చెయ్యి లేవనిదే పైన స్లింగు లేవదు. పైవాళ్లు ఎంత తొందరలో ఉన్నా, ఎన్ని బూతులు తిట్టినా, ఆగాల్సిందే. వాడి గ్యాంగులో కింద నుంచి చెయ్యి ఎత్తేది మా తమ్ముడే.

నా పని వేరు. నేను మాంగనీసు రాయి యార్డులో తట్ట మోసేదాన్ని. అక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు. తట్ట నిండగానే అటొకతె ఇటొకతె పట్టి, ఎదురుగా ఉన్నదాని నెత్తిన పెట్టేస్తారు. అది సిద్ధంగా ఉందా లేదా అని చూస్తూ నిలబడితే వెనక వరసంతా ఆగిపోతుంది, మేస్త్రి నోరు లేస్తుంది. పద్దెనిమిదేళ్లు నేను అలా ఎత్తాను, ఎత్తించుకున్నాను.

1977 వానల్లో తాడు తెగి ఎరువు బస్తా తమ్ముడి తలమీద పడింది. తాడు పాతదేం కాదు. తప్పు ఎవరి మీదా వెయ్యలేను. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికొచ్చిన మనిషికి నడక ఉంది, ఆకలి ఉంది, మాట లేదు. ఎడమ చెయ్యి మడతపడిపోయింది. ఏదడిగినా మన మొహంకేసి చూస్తూ ఉండేవాడు. పెళ్లికి అనుకున్న సంబంధం వాళ్లు ఒకసారి వచ్చి, టీ తాగి, మంచీచెడ్డా మాట్లాడి వెళ్లారు. మళ్లీ రాలేదు. నా పెనిమిటి అప్పటికే పోయాడు, పిల్లల్లేరు. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒకే గదిలో అక్కాతమ్ముళ్లం ఇద్దరం.

అందరూ ఒకే సలహా చెప్పారు. "కోర్టుకెల్లి ఆడి బాగోగులన్నీ నీ పేర రాయించీసుకోలే. ఆడికింకేటి తెలుత్తాది?" యార్డులో ఆడవాళ్లు, ఇంటివాడు, మా పిన్ని, అందరిదీ ఇదే మాట. కోర్టు అలా రాసిస్తే తమ్ముడు మతిలేని మనిషి, నేను వాడి మీద పెత్తనం ఉన్న మనిషి. నిజం చెప్పాలంటే నాకూ అదే సులువనిపించింది. చంటిబిడ్డని పెంచినట్టు పెంచుకోవచ్చు కదా అనుకున్నాను. ఇరవయ్యెనిమిదేళ్ల మగాడిని.

ఒప్పుకోనిది తమ్ముడి గ్యాంగు మేస్త్రి. పెద్ద మీసాల మనిషి, అందరిమీదా అరిచేవాడు. ఒక ఆదివారం పొద్దున్న వచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు.

"సెల్లీ, ఆడికి మాట పోనాది. మనసు పోనాదని నీకెవలు సెప్పినారు?"

"డాక్టరే అన్నాడన్నా. ఏటీ తెలీదని."

"ఆ డాక్టరు ఎంతసేపు సూసినాడు?"

"ఏమో. బీడీ కాలినంతసేపు."

"నాను ఆరేళ్లు సూసినాను. ఉండు, నానడుగుతాను." తమ్ముడి ఎదురుగా జరిగి కూర్చున్నాడు. గ్యాంగులో అందరూ ఒకరికొకరు బావలే. "బావా, నా మీసం బాగుందేటి?"

తమ్ముడు ఆ మీసాన్ని చాలాసేపు చూశాడు. చెయ్యి తొడమీదే ఉంది.

"ఎత్తట్లేదు. సూసినావా సెల్లీ? ఊర్లో అందరూ అబద్ధం సెప్తన్నారు, ఈడొక్కడే నిజం సెప్పినాడు."

రెండు నెలల తర్వాత నేను నవ్వింది అప్పుడే. తర్వాత మేస్త్రి, "టీ తాగుతావేటి బావా?" అని అడిగాడు. నేను పొయ్యి దగ్గరకి లేవబోతే "కూకో" అన్నాడు. కూర్చున్నాను. సందులో బండి ఒకటి వెళ్లింది. కుళాయి దగ్గర ఎవరో బిందె నింపుకుని వెళ్లారు. ఇంకొకరు వచ్చి పెట్టారు. అప్పుడు తమ్ముడి కుడి చెయ్యి తొడమీద నుంచి లేచి, భుజం దాకా వచ్చి, ఆగింది. ఓడలో ఎత్తినట్టే, అరచెయ్యి బయటికి పెట్టి.

మూడో మనిషి మా సందు మొదట్లో ఉండే దర్జీ భాయ్. తెలుగూ ఉర్దూ రెండూ చదివేవాడు. సందులో చదువురాని వాళ్లందరి కాగితాలూ ఆయన మిషను మీదకే వెళ్లేవి. నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. ఈ చెయ్యెత్తే సంగతి విని ఆయన ఒక లోపం పట్టాడు.

"మీరొక్కరే అడిగితే మీ మొహం చూసి ఎత్తేస్తాడు ఆపా. అన్నం పెట్టేది మీరు కదా. మీకు కోపం వస్తుందేమో అని ఉంటుంది. మేస్త్రీ అడగాలి, నేనూ అడగాలి. అదే మాట మూడుసార్లు."

అలా ఏర్పడింది మా పద్ధతి. ముందు నేను, తర్వాత మేస్త్రి, చివర దర్జీ భాయ్. ముగ్గురూ అడిగాక తమ్ముడు ఆలోచించుకునేవాడు. చెయ్యి లేస్తే సరే. లేవకపోతే వద్దని. ముగ్గురిలో ఒకరు లేకపోతే వచ్చేదాకా ఆగాలి. తిండీ స్నానం లాంటివి కాదు, పెద్ద విషయాలు. కొన్నాళ్లకి తమ్ముడికి ఇది ఎంత అలవాటైందంటే దర్జీ భాయ్ గొంతు వినేదాకా వాడు ఆలోచించడమే మొదలుపెట్టేవాడు కాదు. నేనడిగినా మేస్త్రి అడిగినా గుమ్మంకేసి చూసేవాడు.

నాకిది ఎంత కష్టమయ్యేదో దాచను. వాడు బతికితే సింహాచలంలో వాడి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. బయల్దేరే ముందు రోజు అడిగాం. చెయ్యి లేవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"దేవుడికి మొక్కినదానికి ఈడ్ని అడిగేదేటన్నా?"

"మొక్కింది నువ్వు సెల్లీ. జుట్టు ఆడిది," అన్నాడు మేస్త్రి.

"పోనీ రేపు మళ్లీ అడుగుదాం ఆపా," అన్నాడు దర్జీ భాయ్. మర్నాడు బస్సెక్కేముందు మళ్లీ అడిగాం. లేవలేదు. కొండమీదకెళ్లి నా జుట్టు ఇచ్చి వచ్చాను. యార్డులో ఆరు నెలలు నవ్వారు. "తమ్ముడు బతికితే అప్పకి గుండేటే?" అని తట్ట ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకతె అనేది. కొంగు కప్పుకుని మోశాను.

అయినా నాలుగేళ్లు అలాగే గడిచాయి. కోర్టు లేదు, పెత్తనం లేదు. కాగితం ఏదైనా వస్తే దర్జీ భాయ్ దాన్ని తమ్ముడికి చదివి వినిపించేవాడు, నాకు కాదు. వేలిముద్ర వాడిదే, పక్కన సాక్షి మేస్త్రి. సూదిమందు ఒకటి వద్దన్నాడు, మానేశాం. మా పిన్ని సబ్బవరంలో ఉంటే అక్కడికి పంపిద్దామనుకున్నాం, వద్దన్నాడు, ఉంచుకున్నాం. దర్జీ భాయ్ కొట్లో కూర్చుంటావా అంటే ఒప్పుకున్నాడు. పాత బట్టల కుట్లు విప్పేవాడు, బట్టని వంకరచేతి మోచెయ్యి కింద అదిమిపెట్టి, కుడిచేత్తో బ్లేడు పట్టుకుని. గుడ్డ కొయ్యకుండా దారమే కోసేవాడు.

1981 వేసవిలో మేస్త్రి కబురు తెచ్చాడు. పనిలోకొచ్చిన ప్రతి మనిషీ గేటు దగ్గర కిటికీలో తన ఇత్తడి బిళ్ల ఇస్తాడు. లోపల కూర్చున్నవాడు దాన్ని నంబరు మేకుకి తగిలిస్తాడు. ఆ లోపలి మనిషి మానేశాడు. దెబ్బ తగిలినవాళ్లకి ఇలాంటి తేలిక పని ఇవ్వచ్చట.

"మాటతో పనిలేదు బావా," అన్నాడు మేస్త్రి తమ్ముడితో. "నంబర్లు నీకు తెలుసు. మన గ్యాంగోళ్లు రోజూ నీ కాడికే వొస్తారు. సేత్తావేటి?"

నేను అప్పటికే అడిగాను. దర్జీ భాయ్ కత్తెర పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టాడు. ఆయన మాట పూర్తికాలేదు, తమ్ముడి చెయ్యి లేచింది. భుజం దగ్గర ఆగలేదు. తల మీదుగా, మోచెయ్యి నిటారుగా, అంత ఎత్తు. అడుగున ఉన్నవాడు పైవాళ్లకి కనబడాలని ఎత్తే ఎత్తు అది. మేస్త్రి మొహం తిప్పుకుని బీడీ వెతుక్కున్నాడు. నాలుగేళ్లలో వాడు ఏదైనా కావాలని అడిగింది అదొక్కటే.

లేబరు ఆఫీసరు గోదావరి జిల్లా వాడు, చిన్నవయసు, ఓపికున్న మనిషి. నాలుగు నెలలు తిరిగాం. చివరికి ఆయన చెప్పింది ఇది. "రూలు ప్రకారం ఆయన తన ఇష్టం నా ఎదుట తనంతట తనే చెప్పాలమ్మా. నోటితోనే అక్కర్లేదు, చెయ్యెత్తినా చాలు, నేను రాసుకుంటాను. ఎవరైనా పక్కన కూర్చుని సాయం చేసినా ఫరవాలేదు. కానీ జవాబు ఆయనది కావాలి. అది కుదరకపోతే మీ పేర గార్డియన్ కాగితం పెట్టాలి. అది పెడితే ఇక ఉద్యోగం ఉండదండి."

ఆయనకి బదిలీ అయింది. వెళ్లిపోయే రోజే మా పని చూస్తానన్నాడు. శుక్రవారం, రెండు గంటలకి.

"శుక్రవారమా?" అన్నాడు దర్జీ భాయ్. "జుమ్మా నమాజు చేసుకుని సైకిలు మీద వచ్చేసరికి రెండున్నర అవుతుంది ఆపా. ఆగుతారా?"

"ఆగుతాం," అన్నాను.

ఆ రోజు తమ్ముడికి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి తొడిగాను. ఆఫీసు గదిలో ఆఫీసరు పెట్టెలు తాళ్లతో కట్టి ఉన్నాయి. బల్లమీద రెండు కాగితాలు. ఒకటి వాడి సొంత ఇష్టం రాసుకునేది, ఇంకోటి గార్డియన్‌ది. ఆఫీసరు ముందు తనే వాడికి అంతా చెప్పాడు, నెమ్మదిగా, అండీ అని. తర్వాత నేనడిగాను. "బిళ్లల పని సేత్తావేటిరా?" మేస్త్రి అడిగాడు.

తమ్ముడు గుమ్మంకేసి చూశాడు.

మేము కూర్చున్నాం. ఫ్యాను తిరుగుతోంది. బల్ల పక్కన గుమాస్తా నిలబడి ఉన్నాడు.

"సార్ రైలు మూడున్నరకి," అన్నాడు గుమాస్తా. కాసేపయ్యాక, "ఏటమ్మా, మీవోడు కళ్లు తెరిసి నిద్రోతన్నాడేటి?"

"నీ పని నువ్వు సూసుకో బాబూ," అన్నాడు మేస్త్రి. "ఇంకొకలు అడగాలి. అప్పుడు సెప్తాడు."

"ఇంకొకరెవరండి?" అని ఆఫీసరు అడిగాడు.

"మా దర్జీ భాయ్. నమాజుకెల్లినాడు. వొస్తన్నాడు."

ఆఫీసరు గడియారం చూశాడు. "రెండున్నరకి నేను ఛార్జి అప్పగించాలి. అప్పటిదాకా ఆగుతానండి," అన్నాడు. ఆ మాట ఆయన అన్నాడు. నేను విన్నాను.

నేను ఆగలేకపోయాను. సోమవారం కొత్త ఆఫీసరొస్తే మళ్లీ మొదటినుంచి తిరగాలి అని ఒకటి. దర్జీ భాయ్ సైకిలు దారిలో పంక్చరైతే అని ఒకటి. గుమాస్తా నవ్వు ఒకటి. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నా బుర్రలో ఏమీ లేదు. ఎదురుగా మనిషి ఉన్నాడు, వెనక వరస ఆగిపోయింది, ఎత్తి పెట్టెయ్యాలి, అంతే. తమ్ముడు గుమ్మంకేసి ఎందుకు చూస్తున్నాడో ఆ గదిలో నాకు తెలుసు, మేస్త్రికి తెలుసు. తెలిసే ఎత్తాను. "ఎత్తరా" అంటూ మణికట్టు పట్టుకుని భుజం దాకా ఎత్తాను.

"సెల్లీ," అన్నాడు మేస్త్రి.

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "అమ్మా, చెయ్యి వదలండి."

వదిలాను. వాడి చెయ్యి తొడమీద పడింది. దాన్ని వాడు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. గుమ్మంకేసి మళ్లీ చూడలేదు.

"మీరు ఎత్తితే నేనేం రాయనండి?" అన్నాడు ఆఫీసరు. కోపంగా అనలేదు. "చూసింది రాయాలి కదా. ఆయన చెప్పలేకపోయారు, మీరు చెప్పారు అని రాయాలి."

మేస్త్రి బతిమాలాడు. ఇంకో ఇరవై నిమిషాలు బాబూ అన్నాడు. "ఇప్పుడు ఆయన ఎత్తినా, మీరు ఎత్తించినదే అంటారండి నా తర్వాతి వాళ్లు," అన్నాడు ఆఫీసరు. గుమాస్తా మొదటి కాగితం తీసి రెండోది ముందుకి జరిపాడు. ఇదైనా పెట్టకపోతే ఫైలు మూసేస్తారు, చూసుకునేవాళ్లు లేరని ఎక్కడికైనా పంపేస్తారు అన్నాడు. చూసుకోవడం ఎలాగూ నేనే చూసుకుంటున్నాను కదా, కొత్తగా పోయేదేముందని వేలిముద్ర వేశాను. తమ్ముడి వేలు కూడా నేనే పట్టి ఒత్తాను.

దర్జీ భాయ్ సరిగ్గా రెండున్నరకి వరండాలోకి వచ్చాడు. నెత్తిన టోపీ అలాగే ఉంది, చొక్కా చెమటతో తడిసింది. నేను చెప్పింది విన్నాడు. తమ్ముడి ముందు గొంతుక్కూర్చుని అడిగాడు. "భాయ్, బిళ్లల పని చేస్తావా?"

ఆగాం. సైరను మోగింది, మనుషులు మా పక్కనుంచి లోపలికి వెళ్లారు, బయటికి వచ్చారు. ఆ చెయ్యి లేవలేదు.

ఆ రోజు నుంచి 1986లో పోయేదాకా మా తమ్ముడు ఎవరికీ చెయ్యి ఎత్తలేదు. టీ తాగుతావా అన్నా ఎత్తలేదు. ముగ్గురం అడిగాం, మార్చి మార్చి అడిగాం, నేను లేకుండా వాళ్లిద్దరే అడిగి చూశారు. మేస్త్రి ఆర్నెల్లు వచ్చి, తర్వాత పండగలకి వచ్చి, తర్వాత మానేశాడు. ఒక వకీలుని అడిగితే, ఆ కాగితం రద్దు చేయించాలంటే కోర్టులో జడ్జిగారు ఈయన్నే అడుగుతారు, అక్కడా జవాబు లేకపోతే మతిలేనివాడని శాశ్వతంగా ముద్ర పడిపోతుంది అన్నాడు. వెళ్లలేదు. బిళ్లల కిటికీలో ఎవరో వేరే మనిషి కూర్చున్నాడు.

ఇంకా చెప్పాలి. వాడు ఎత్తడం మానేశాక నేను అడగడం మానేశాను. అడక్కపోతే పని తొందరగా అవుతుంది. ఏ చొక్కా వెయ్యాలో నేనే చూశాను. కుట్లు విప్పే పనికి ఎందుకులే అని మాన్పించాను. వద్దన్న సూదిమందు వేయించాను. తర్వాతి ఏడాది సింహాచలం తీసుకెళ్లి గుండు చేయించాను. మంగలి కింద తల వంచి కూర్చున్నాడు, అంతే. అందరూ నన్ను మెచ్చుకున్నారు. తమ్ముడి కోసం ఇంత చేసే అప్ప ఉంటుందా అన్నారు. చివరి రెండేళ్లు, వాడు రానన్న సబ్బవరానికే వాణ్ని తీసుకుని మారిపోయాను, గది అద్దె కట్టలేక. దర్జీ భాయ్ ఒక్కడే అక్కడికి కూడా బస్సులో వచ్చి, ఎదురుగా కూర్చుని, ఏదో ఒకటి అడిగి, ఆగి, వెళ్లేవాడు. ఆయన్ని చూస్తే నాకు మంట. ఇంకా ఎందుకు అడుగుతాడు అని.

1984లో అక్కడే పెద్దవాళ్లకి సాయంత్రం బడి పెడితే చేరాను. నలభై నాలుగేళ్లు నాకు. ఏడాది పట్టింది కూడబలుక్కుని చదవడానికి. పెట్టెలోంచి ఆ కాగితం నకలు తీశాను. కూలీవాళ్ల కాగితం గనుక తెలుగులోనే ఉంది. ఒక మధ్యాహ్నమంతా చదివాను. "తన మంచిచెడ్డలు తాను తెలుసుకొనజాలని వ్యక్తి" అని ఉంది. దాని కింద వాడి వేలిముద్ర. వాడు పక్కనే కూర్చుని ఉన్నాడు. పైకి చదివాను గనుక విన్నాడు. నేను వాడికి చదివి వినిపించిన మొదటి కాగితం అది.

ఇప్పుడు మా కాలనీలో ఎవరికైనా ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే నా దగ్గరకొస్తారు. కోర్టుకి ఎప్పుడెళ్లాలి అని అడుగుతారు. ముందు కూర్చోండి అంటాను. ఆ మనిషికి ఎవరి మీద నమ్మకముందో వాళ్లని పిలవండి. ఒక్కరే అడక్కండి. కాగితమైతే ఆ మనిషికే చదవండి, చిన్న మాటల్లో, రెండుసార్లు. బ్యాంకుకి తోడు వెళ్లండి గాని వేలు మీరు పట్టకండి. ఆగండి. ఆగలేకపోతే బయటికెళ్లి నిలబడండి. వాళ్లు తలూపి వెళ్తారు. నెల తిరక్కుండా కోర్టులో కనబడతారు. వాళ్లని తప్పుపట్టను. ఇరవై నిమిషాలు ఎంత పొడుగో నాకు తెలుసు.

నాలాంటి దానికి ఓదార్పు చెప్పాలని కొందరు చూస్తారు. నువ్వు ఎత్తకపోయినా వాడు ఎత్తేవాడో లేదో అంటారు. ఎత్తేవాడు. అందులో నాకు అనుమానం లేదు.

ఆ శుక్రవారం రెండు గంటల పది నిమిషాలకి ఆ గదిలో ఉన్నవాళ్లు: బదిలీ మీద వెళ్తున్న లేబరు ఆఫీసరు, ఆయన పక్కన నిలబడ్డ గుమాస్తా, గ్యాంగు మేస్త్రి, మా తమ్ముడు, నేను. దర్జీ భాయ్ అప్పటికి సైకిలు మీద దారిలో ఉన్నాడు.